కొడుకు ఆత్మను ఇంటికి తెచ్చుకోవాలంటున్న తల్లికి కౌన్సెలర్ ఏం చెప్పాలి?

ప్రశ్న: హైదరాబాదులో కౌన్సెలింగ్ సైకాలజీ చదివి, పెళ్ళయ్యాక డర్బన్ వచ్చాను. ఇక్కడ ఒక సేవాసంస్థలో, అయినవాళ్ళను పోగొట్టుకున్నవారికి కౌన్సెలింగ్ చేస్తున్నాను. నా దగ్గరికి ఒక జులూ తల్లి వస్తోంది. వయసు యాభై దాటింది. ఎనిమిది నెలల క్రితం ఆమె కొడుకు, ఇరవై నాలుగేళ్ళవాడు, జొహానెస్‌బర్గ్ నుంచి ఇంటికి వస్తుండగా ఎన్3 హైవే మీద మినీబస్సు ట్యాక్సీ బోల్తా పడి అక్కడికక్కడే చనిపోయాడు. కలలో రోడ్డు పక్కన నిలబడి ‘అమ్మా, నన్నిక్కడే వదిలేశారేం?’ అని అడుగుతాడట. ఆ తర్వాత ఆమెకు నిద్ర పట్టదు. ఆ చోటికి వెళ్ళి ఆత్మను ఇంటికి తెచ్చుకుంటే తప్ప వాడికీ తనకీ శాంతి లేదంటుంది. అబ్బాయి తండ్రితో ఆమెకు పెళ్ళి కాలేదు. వాళ్ళవైపు వాళ్ళు ఒకటంటారు, ఆమె అన్న ఇంకొకటంటాడు, పాస్టరు అసలే వద్దంటాడు. నా సూపర్‌వైజరేమో ‘రుజువైన పద్ధతులు దాటొద్దు’ అంటున్నారు. నేను ఆమెను ప్రోత్సహించాలా, వారించాలా? ఇది భ్రమ కిందికి వస్తుందా? వాళ్ళు రమ్మంటే వెళ్ళవచ్చా? మేకను కోస్తారట, నేను మాంసం ముట్టను. - ఒక పాఠకురాలు, డర్బన్.

జవాబు: ముందు భ్రమ సంగతి తేల్చేద్దాం. మీరు రాసినంతవరకు ఇది భ్రమ కాదు. కొడుకు కలలోకి వస్తున్నాడు, మెలకువ వచ్చాక అది కల అని ఆమెకు తెలుసు. జులూ కుటుంబాల్లో చనిపోయిన పెద్దలు, అంటే అమాడ్లోజి, బతికున్నవాళ్ళతో మాట్లాడే ముఖ్యమైన దారి కలే. పోయినవాళ్ళు కలలో ఏదైనా అడిగితే దాన్ని పట్టించుకోవడం ఆ ఇంటి మర్యాద. అదే ఊళ్ళో, అదే చర్చిలో ఉన్న పదిమందికి ఆమె మాట వింతగా తోచదు. ఒక అనుభవం జబ్బు అవునో కాదో తేల్చేముందు చూడాల్సిన మొదటి విషయం ఇదే.

ఇక ప్రోత్సహించాలా, వారించాలా అన్నారు. రెండూ వద్దు. ఆ కర్మ చేసే అధికారం ఆ ఇంటివాళ్ళది. మీ పని దాని ముందూ ఉంది, వెనకా ఉంది. ముందు, అది జరగడానికి అడ్డుపడుతున్న చిక్కుల్ని కుటుంబమంతా కూర్చుని మాట్లాడుకునేలా చేయాలి. తర్వాత, కర్మ అయినా ఆమెలో మిగిలిపోయే దుఃఖంతో కూర్చోవాలి. ఈ రెండు పనులూ బాగా చేయాలంటే మధ్యలో జరిగేదేమిటో మీకు వివరంగా తెలియాలి.

మనిషి ఇంటికి దూరంగా, రోడ్డు మీదో ఆసుపత్రిలోనో పోతే ఆత్మ ఆ చోటే ఉండిపోతుందని, వెళ్ళి తీసుకురావాలని జులూల నమ్మకం. తీసుకురావడానికి ఉమ్లహ్లన్‌కోసి అనే చెట్టు కొమ్మ కావాలి. అది మన రేగుచెట్టు జాతిదే. జతజతలుగా ముళ్ళుంటాయి, ఒకటి నిటారుగా, ఒకటి కొక్కెంలా వంగి. ఇంటి మగ పెద్ద ఒకరు, తండ్రో మేనమామో అన్నో, ఆ కొమ్మ పట్టుకుని చనిపోయిన చోటికి వెళ్తారు. ఇంపెఫో అనే ఎండిన మూలిక పొగ వేస్తారు. వంశానికి ఉన్న పొగడ్త పేర్లు చదువుతారు, చనిపోయినవాడిని పేరుపెట్టి పిలుస్తారు, ‘నిన్ను తీసుకెళ్ళడానికి వచ్చాం, పద ఇంటికి’ అంటారు. ఆ క్షణం నుంచి కొమ్మ పట్టుకున్నాయన బతికున్నవాళ్ళెవరితోనూ మాట్లాడడు. పోయినవాడితోనే మాట్లాడతాడు. ‘ఇప్పుడు బండెక్కుతున్నాం’, ‘ఇప్పుడు నది దాటుతున్నాం’, ‘ఇదుగో మన మలుపు’ అని దారంతా చెబుతూ వస్తాడు. ట్యాక్సీలో వస్తే పక్కన ఒక సీటు ఖాళీగా ఉంచి దానికీ ఛార్జీ కడతారు. ఇంటికి చేరాక కొమ్మను ఉంసామోలో పెడతారు. గుండ్రటి గుడిసెలో గుమ్మానికి ఎదురుగా, వెనక గోడ దగ్గర పెద్దలకోసం ఉంచే చోటది. మళ్ళీ ఇంపెఫో పొగ, జొన్నలు పులియబెట్టి చేసిన బీరు, మేక, ‘నువ్వు వచ్చేశావు’ అని పెద్దలకు చెప్పడం ఉంటాయి. ఖననానికి ముందే తెస్తే కొమ్మ శవపేటికతోపాటు సమాధిలోకి వెళ్తుంది. వరసలో తేడాలు ఇంటింటికీ ఉంటాయి. కాబట్టి ‘మీ ఇంట్లో ఎలా చేస్తారు?’ అని అడగండి, మీకు తెలిసిన వరస చెప్పకండి.

ఖననం అయిపోయి ఎనిమిది నెలలైంది కదా, ఇప్పుడు చేయొచ్చా అన్న సందేహం మీకు రావచ్చు. చేస్తారు. జాతివివక్ష కాలంలో మాయమైనవాళ్ళ అవశేషాలు వెతకడానికి దక్షిణాఫ్రికాలో 2005లో మిస్సింగ్ పర్సన్స్ టాస్క్ టీమ్ ఏర్పడింది. వాళ్ళు ఎముకలు అప్పగించిన కుటుంబాల్లో ఎన్నో, మరణం జరిగిన చోటికి దశాబ్దాల తర్వాత వెళ్ళి ఆత్మను పిలుచుకున్నాయి. ఆలస్యమైందన్న దిగులు మాత్రం ఆమెలో తప్పకుండా ఉంటుంది. ఆ దిగులుతో మీరు పనిచేయాలి.

ఒక విషయంలో జాగ్రత్త పడండి. ఆత్మను తీసుకురావడం వేరు, ఏడాది తిరిగాక ఎద్దును కోసి పోయినవాణ్ణి పెద్దల్లో కలిపే ఉకుబుయిసా వేరు. రెండోది సంప్రదాయంగా ఇంటి యజమానికి చేసేది. పెళ్ళికాని కుర్రాడికి ఏం చేస్తారు, ఎంతవరకు చేస్తారన్నది ఆ ఇంటి పెద్దలే తేల్చాలి. మీరు రెండింటినీ కలిపి మాట్లాడితే అనుకోకుండానే వాళ్ళ మీద పెద్ద ఖర్చు మోపినవాళ్ళవుతారు.

దీంట్లో ఊరట ఎక్కడుందో ఇప్పుడు చూడండి. ఆమెను తినేస్తున్న మాట ‘వదిలేశారేం?’ అన్నది. అంటే తప్పు చేశానన్న భావం. దానికి మీరు గదిలో కూర్చోబెట్టి ‘మీ తప్పేం లేదమ్మా’ అని ఎన్నిసార్లు చెప్పినా అంటదు. వెళ్ళి తీసుకురావడం చేత్తో చేసే జవాబు. దానికి చోటుంది, దూరముంది, మొదలుంది, చివరుంది. రెండోది, పోయినవాడి పేరు నలుగురిలో గట్టిగా పలకడం. ఎనిమిది నెలలుగా ఆ ఇంట్లో ఎవరూ ఆ పేరెత్తి ఉండకపోవచ్చు. మూడోది అన్నిటికన్నా పెద్దది. ఈ కర్మ ఒక్క తల్లి చేసుకునేది కాదు. మేనమామ రావాలి, డబ్బు పోగవ్వాలి, ఎవరు పట్టుకోవాలి, ఎవరి ఇంటికి తేవాలి అన్నది తేలాలి. అంటే విడిపోయినవాళ్ళు కూర్చోక తప్పదు.

జాంబియా వాయవ్య ప్రాంతంలో ఎన్‌డెంబు ప్రజల మధ్య 1950ల్లో ఉండి పనిచేసిన విక్టర్ టర్నర్ అనే మానవశాస్త్రవేత్త ఇలాంటిదే ఇహంబా అనే చికిత్స గురించి వివరంగా రాశారు. చనిపోయిన వేటగాడి పన్ను రోగి ఒంట్లో దూరి బాధిస్తోందని నమ్మకం. కొమ్ముతో రక్తం పీల్చి ఆ పన్ను బయటికి తీస్తారు. కానీ పన్ను ఊరికే రాదు. వైద్యుడు మధ్యమధ్యలో ఆగి, రోగి మీద ఎవరికి ఏ కోపముందో, రోగికి ఎవరి మీద ఏముందో అందరి ముందూ చెప్పమంటాడు. ఊరు మనసు విప్పేదాకా పన్ను రాదు. జులూల్లోనూ గొడవపడిన బంధువులు కూర్చుని, మనసులో ఉన్నది చెప్పుకుని, ఒకే నీళ్ళతో చేతులు కడుక్కుని కలిసే ఆనవాయితీ ఉంది. ఫ్యామిలీ థెరపీ చదివినవాళ్ళకు దీన్ని విడమరిచి చెప్పనక్కర్లేదు.

ఇక్కడే మనవాళ్ళు ఒక పొరపాటు చేస్తుంటారు. మీకు ఇదంతా వింటే మనింట్లో పెద్దకర్మ, పిండం పెట్టి కాకి ముట్టేదాకా ఎదురుచూడడం గుర్తొస్తుంది. ఆమెను అర్థం చేసుకోవడానికి ఆ గుర్తు పనికొస్తుంది. కానీ దిక్కులు వేరు. మన కర్మకాండ పోయినవాణ్ణి ప్రేతస్థితి దాటించి ముందుకు సాగనంపుతుంది. వాళ్ళ కర్మ ఇంటికి తెచ్చుకుంటుంది. అందుకే మన నోటికి అలవాటుగా వచ్చే ‘వాడు వెళ్ళిపోయాడమ్మా, నువ్వు మనసు గట్టి చేసుకుని వదిలెయ్యి’ అన్న మాట ఆమె దగ్గర అనకండి. వదిలేయడమే ఆమెను పీడిస్తోంది. పడమటి మనస్తత్వశాస్త్రం కూడా చాలాకాలం పోయినవారితో బంధం తెంచుకోవడమే కోలుకోవడమని చెప్పింది. 1990ల నుంచి మాత్రం ఆ బంధం కొత్త రూపంలో కొనసాగడం ఆరోగ్యమేనని ఆ రంగంలోనే ఒక బలమైన ధోరణి వచ్చింది. మీ సూపర్‌వైజర్‌తో మాట్లాడేటప్పుడు ఇది పనికొస్తుంది.

ఇప్పుడు మీ పని. అసలు చిక్కు పాస్టరు దగ్గర లేదని నా అభిప్రాయం. తల్లిదండ్రులకు పెళ్ళి కాలేదన్నారు. జులూ ఆచారంలో పెళ్ళికి ముందు బిడ్డ పుడితే తండ్రివైపు వాళ్ళు ఇన్‌హ్లావులో అనే పరిహారం కట్టాలి. అది కట్టారా, బిడ్డ ఎవరి ఇంటిపేరుతో పెరిగాడు, చిన్నప్పుడు మేకను కోసి ఏ ఇంటి పెద్దలకు పరిచయం చేశారు అన్నదాన్ని బట్టే అతని ఆత్మ ఏ ఇంటికి చేరాలో తేలుతుంది. రెండు వంశాల మధ్య ఇది తేలకే అన్నీ ఆగిపోయి ఉండొచ్చు. తప్పు ఇంటికి తెస్తే ఆత్మకు చోటు దొరకదన్న భయం కూడా ఉంటుంది. తల్లిని ఈ మూడు ప్రశ్నలూ మెల్లగా అడగండి. పరిహారం సంగతి ఆమెకు సిగ్గుగా ఉండొచ్చు, ‘ఇది ఎవరికి తెలుసు, ఎవరితో మాట్లాడితే బాగుంటుంది?’ అని మొదలుపెట్టండి. దుబాసీ ఉంటే ముందు ఆయనతో ఐదు నిమిషాలు కూర్చుని, ఆమె వాడిన మాటల్ని ‘దేవుడు’, ‘దయ్యం’ అని మార్చకుండా ఉన్నవున్నట్టు చెప్పమనండి. ఆయన చర్చి ఏదో కూడా తెలుసుకోండి. చాలా అనువాదాలు అక్కడే వంకరపోతాయి.

తర్వాత కుటుంబ సమావేశం. ఆమె అనుమతితోనే పిలవాలి. ఆమె అన్న తప్పనిసరి, తండ్రివైపు నుంచి ఒక పెద్ద, వీలైతే ఆమె నమ్మే ఒక స్త్రీ. గంటన్నర కేటాయించండి. ముందు వయసులో పెద్దవాళ్ళకు నమస్కారం, పరిచయాలు, తర్వాతే విషయం. మీరు తీర్పరి కాదని మొదటే చెప్పండి. ‘ఈ తల్లికి నిద్ర లేదు. మీరందరూ ఏం చేయాలనుకుంటున్నారో వినడానికి పిలిచాను’ అంటే చాలు. ఒక్కొక్కరూ అబ్బాయి గురించి ఒక మాట చెప్పాక గాని ఎవరు ఏం చేయాలన్న చర్చలోకి దిగకండి. ఇది తిరగబడితే సమావేశం పది నిమిషాల్లో డబ్బు గొడవవుతుంది. ఒక్కసారి కూర్చుంటే తేలకపోవచ్చు. రెండోసారికి తేదీ వేసుకునే లేవండి.

చర్చి సంగతి ఒక్క మాటలో తేలేది కాదు. మీ డర్బన్ ఉన్న క్వాజులు-నటాల్ రాష్ట్రంలో చర్చిలన్నీ ఒకటి కాదు. ఇసయా షెంబె 1910లో స్థాపించిన నజరెత్ బాప్టిస్ట్ చర్చిలో పెద్దల్ని గౌరవించడానికి చోటుంది, ప్రార్థనతో స్వస్థత మీద నమ్మకముంచే ఆఫ్రికన్ల సొంత సంఘాలైన జయనిస్ట్ చర్చిలు చాలావరకు సర్దుకుంటాయి, పెంటెకోస్తు సంఘాలు ఎక్కువగా ససేమిరా అంటాయి. ఆమెకు పాస్టరు మాట కూడా ముఖ్యమైతే, రెండిట్లో ఒకటి ఎంచుకోమని మీరు ఒత్తిడి పెట్టకండి. కొమ్మను మేనమామ పట్టుకుని, ప్రార్థన తల్లి చేసుకున్న కుటుంబాలున్నాయి. అలాంటి సర్దుబాటు వాళ్ళ నోటే రావాలి.

ప్రయాణం విషయంలో మీరు నేరుగా సాయపడవచ్చు. ప్రమాదం ఎక్కడ జరిగిందో ఆమెకు సరిగ్గా తెలియకపోవచ్చు. కేసు నమోదు చేసిన పోలీసు స్టేషన్‌లో కేసు నంబరు చెప్పి ప్రమాద నివేదిక అడగాలి. అందులో చోటు రాసి ఉంటుంది, హైవే మీద కిలోమీటరు బోర్డులతో పోల్చుకోవచ్చు. ఎన్3 మీద రాత్రింబవళ్ళు భారీ ట్రక్కులు నడుస్తాయి, వాన్ రీనెన్ కనుమ దగ్గర పొగమంచు కమ్ముతుంది. పగటిపూటే వెళ్ళమనండి. ముందుగా ట్రాఫిక్ పోలీసులకు చెప్పి, వాళ్ళు చూపిన చోట బండి ఆపాలి. నలుగురికి మించి రోడ్డు అంచుకు వెళ్ళకూడదు, పిల్లల్ని తీసుకెళ్ళకూడదు. ఎండుగడ్డి కాలంలో ఇంపెఫో వెలిగిస్తే నిప్పు పాకుతుంది. పెంకులో వెలిగించి, పక్కన నీళ్ళ డబ్బా పెట్టుకోమనండి. కొమ్మ పట్టుకున్నాయన ఎవరితోనూ మాట్లాడడు కాబట్టి బండి ఆయన నడపకూడదు. దారిలో పోలీసులు ఆపితే మాట్లాడడానికి ఇంకొకరుండాలి.

ఎక్కడ చెడుతుందో కూడా తెలుసుకోండి. అన్నిటికంటే ఎక్కువగా అప్పు దగ్గర చెడుతుంది. మేక, బీరు, బండి కిరాయి, వచ్చినవాళ్ళకు భోజనం కలిసి పేద కుటుంబానికి నెలల సంపాదన. టౌన్‌షిప్పుల్లో మషోనిసా అనే వడ్డీవ్యాపారులు బ్యాంకు కార్డే తాకట్టు పెట్టుకుని అప్పిస్తారు. కర్మ బాగా జరిగి, అప్పు వల్ల ఆరు నెలలకు తల్లి మళ్ళీ కుప్పకూలుతుంది. అందుకే సమావేశంలో ఖర్చు కాగితం మీద రాయించండి. ఆమె స్టాక్‌వెల్‌లో, అంటే మన చీటీపాట లాంటి దాంట్లో, లేదా అంత్యక్రియల సంఘంలో సభ్యురాలా అని అడగండి. ఏది తప్పనిసరి, ఏది తర్వాత చేసినా ఫర్వాలేదు అన్నది ఆ పెద్దల్నే అడిగితే వాళ్ళే తగ్గిస్తారు.

రెండో ప్రమాదం నింద. కుటుంబం ఇసంగోమా దగ్గరికి, అంటే సోదె చెప్పే వైద్యురాలి దగ్గరికి వెళ్ళొచ్చు. ఒక రకం సోదెలో ఆమె ఒక్కో మాట అంటుంటే వచ్చినవాళ్ళు చప్పట్లు కొట్టి ‘సియావుమా’, ఒప్పుకుంటున్నాం, అంటారు. ఆ కేక ఎక్కడ గట్టిగా వస్తుందో, ఎక్కడ నీరసపడుతుందో గమనిస్తూ ఆమె ముందుకు పోతుంది. కుటుంబం మనసులో ఏముందో దాంతోనే బయటపడుతుంది. మంచి ఇసంగోమా చేతిలో ఇది పదునైన కౌన్సెలింగ్. చెడ్డ చేతిలో, ఎవరో చేతబడి చేశారని ఒక పేరు బయటికొస్తుంది. అలా వస్తే ఊరుకోకండి. ఒకరిని మంత్రగత్తె అని పేరుపెట్టి నిందించడం అక్కడ 1957 నాటి చట్టం ప్రకారం నేరం. ఆ పేరు పడిన ముసలావిడ ప్రాణానికే ముప్పు రావచ్చు. ఆమె భద్రత గురించి మీ సంస్థలో అదే రోజు మాట్లాడాలి.

మూడోది ఒంటికి సంబంధించింది. శుద్ధి కోసం మూలికల నీళ్ళు తాగి కక్కడం, ఎనిమా, ఆవిరి పట్టడం, బ్లేడుతో చిన్న గాట్లు పెట్టి మందు రుద్దడం ఇవన్నీ ఉంటాయి. ఎవరి బ్లేడు వాళ్ళకే కొత్తది ఉండాలి, హెచ్‌ఐవీ ఎక్కువగా ఉన్న ప్రాంతమది. ఆమె మాత్రలు వాడుతుంటే, మాత్ర వేసుకున్న కాసేపటికే కక్కితే మందు పోతుంది. వేళలు ఎలా మార్చుకోవాలో కర్మకు ముందే క్లినిక్ నర్సును అడగాలి. ఏ మందూ ఆపకూడదు. ఇంపిలా అనే దుంప కాలేయాన్నీ మూత్రపిండాల్నీ పాడుచేసి ప్రాణం తీసిన కేసులు క్వాజులు-నటాల్ ఆసుపత్రుల్లో ఏళ్ళ తరబడి నమోదయ్యాయి. ‘ఏ మూలిక ఇచ్చారు?’ అని పేరు అడిగి రాసుకోండి. తాగాక వాంతులు ఆగకపోయినా, కళ్ళు పచ్చబడినా, మూత్రం తగ్గినా, మత్తుగా ఉన్నా వెంటనే ఆసుపత్రికే.

కర్మతో ఆగకుండా వైద్యుడి దగ్గరికి పంపాల్సిన సందర్భాలు ఇవి. పగలు మెలకువలో కొడుకు గొంతు వినబడి ‘నా దగ్గరికి రా’ అంటుందని చెప్పినా, చచ్చిపోవాలనుందన్నా, బరువు బాగా తగ్గినా, రోజుల తరబడి మంచం దిగకపోయినా, ఫిట్స్ వచ్చినా పంపండి. ‘వాడి దగ్గరికి వెళ్ళాలనిపిస్తోందా? ఎలా వెళ్ళాలనుకున్నారు?’ అని సూటిగా అడగండి. అడిగితే ఆలోచన పుడుతుందన్నది అపోహ. దక్షిణాఫ్రికాలో ఆత్మహత్యల నివారణకు సాడాగ్ అనే మానసిక ఆరోగ్య సంస్థ ఉచిత నంబరు 0800 567 567 ఆమె ఫోనులో పెట్టి ఇవ్వండి. దీర్ఘకాలిక దుఃఖం అనే రోగనిర్ధారణకు మాత్రం తొందరపడకండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితా ఐసీడీ-11 ఆరు నెలలు దాటాలంటుంది, అమెరికన్ మానసిక వైద్యుల రోగనిర్ధారణ గ్రంథం డీఎస్‌ఎం 2022 సవరణ పెద్దవాళ్ళకు పన్నెండు నెలలంటుంది. రెండూ ఆ మనిషి సంస్కృతిలో మామూలు హద్దును మించి ఉండాలనే అంటాయి. చేయాల్సిన కర్మ ఇంకా చేయని ఇంట్లో దుఃఖం ఆగదు, ఆ ఇంటి లెక్కలో అది సహజమే.

సూపర్‌వైజర్ గారి మాటలో న్యాయముంది, దాన్ని కొట్టిపారేయకండి. రుజువులతోనే మాట్లాడండి. 2013లో వచ్చిన డీఎస్‌ఎం-5లోనే సంస్కృతి గురించి అడిగే పదహారు ప్రశ్నల ఇంటర్వ్యూ ఉంది. మీ ఇంట్లో దీన్ని ఏమంటారు, దీనికి కారణమేమని మీవాళ్ళు అనుకుంటారు, ఏం చేస్తే తగ్గుతుందంటారు వంటివి. మొదటి సెషన్‌లో అది వాడి, జవాబులు ఆమె మాటల్లోనే రాసిపెట్టండి. నైజీరియాలో థామస్ అడియోయె లాంబో 1954లోనే అబెయొకుటా దగ్గర ఆరో ఆసుపత్రిలో రోగులు బంధువుతో కలిసి చుట్టుపక్కల పల్లెల్లో ఉంటూ చికిత్సకు వచ్చే పద్ధతి పెట్టి, సంప్రదాయ వైద్యుల్ని పక్కన కూర్చోబెట్టుకున్నారు. ఘనా, నైజీరియాల్లో సంప్రదాయ, మత వైద్యుల దగ్గరున్న సైకోసిస్ (వాస్తవంతో సంబంధం తెగిపోయే తీవ్ర మానసిక జబ్బు) రోగుల మీద చేసిన పరీక్ష 2020లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. ఆ వైద్యులు, ప్రాథమిక ఆరోగ్య సిబ్బంది కలిసి పనిచేసిన చోట ఆరు నెలలకు రోగులు ఎక్కువ కోలుకున్నారు. గమనించండి, అక్కడ మందులు మానలేదు, కర్మ మానలేదు.

ఇంకో ఉదాహరణ మనలాంటి కౌన్సెలర్లు తప్పక ఆలోచించాల్సింది. 1992లో మొజాంబిక్ యుద్ధం ముగిశాక ఇంటికి తిరిగొచ్చిన బాలసైనికులకు దక్షిణ ప్రాంతంలో జరిగిన శుద్ధిని అల్సిండా హొన్వానా నమోదు చేశారు. చిన్న గడ్డి గుడిసె వేసి, పిల్లవాణ్ణి యుద్ధంలో వేసుకున్న బట్టలతో లోపలికి పంపి, అక్కడ బట్టలు విప్పించి, గుడిసెకు నిప్పంటించి బయటికి లాగారు. మూలికల పొగ, మూలికల నీళ్ళ స్నానం తర్వాత. అక్కడ ఏం జరిగిందో, ఎవర్ని చంపావో చెప్పమని ఎవరూ అడగలేదు. చెప్పిస్తే ఆ చెడు మళ్ళీ తలుపు తోసుకుని వస్తుందని వాళ్ళ నమ్మకం. మీ క్లయింటు కూడా ప్రమాదం వివరాలు చెప్పడానికి ఇష్టపడకపోతే అది తప్పించుకోవడం అనుకోకండి, తవ్వకండి.

కర్మ అయ్యాక మొదటి వారంలో ఒక ఫోను చేయండి, రెండు వారాలకు ఒక సెషన్, ఆరు వారాలకు ఇంకొకటి, సంవత్సరీకం దగ్గర్లో మరొకటి. కర్మకు ముందే మూడు అంకెలు రాసిపెట్టుకోండి. రాత్రికి ఎన్ని గంటల నిద్ర, వారానికి ఎన్నిసార్లు ఆ కల, తప్పు చేశానన్న భావం సున్నా నుంచి పదిలో ఎంత. తర్వాత వాటినే మళ్ళీ అడగండి. ‘శాంతి వచ్చిందా?’ అని మాత్రం అడగొద్దు. అంత ఖర్చయ్యాక, అంతమంది వచ్చాక రాలేదని చెప్పే ధైర్యం ఎవరికుంటుంది? ‘ఇప్పుడు కలలో వాడెక్కడ ఉన్నాడు?’ అని అడగండి. చాలాసార్లు మొదటి పది రోజులు తేలిగ్గా ఉండి, చుట్టాలు వెళ్ళిపోయాక ఇల్లు బోసిపోయి బాధ ఒక్కసారి మీద పడుతుంది. అది కర్మ విఫలమైనట్టు కాదని ముందే చెప్పి ఉంచండి. లేకపోతే ఇంకో మేక, ఇంకో అప్పు మొదలవుతుంది.

ఇంపెఫో తెచ్చి మీ కౌన్సెలింగ్ గదిలో వెలిగించాలని, ఆమె చేత కొడుకుతో మాట్లాడించాలని అనిపించవచ్చు. వద్దు. ఆ పొగ వేసి పెద్దల్ని పిలిచే హక్కు ఆ ఇంటి పెద్దది, అతను లేకుండా చేస్తే ఊరట బదులు భయం పుడుతుంది. మీ గదిలో మాటలు, నిశ్శబ్దం, నీళ్ళ గ్లాసు చాలు.

రమ్మంటే వెళ్ళవచ్చు, మీ సంస్థ నియమాలు ఒప్పుకుంటే. హైవే దగ్గరికి కాదు, ఇంటి దగ్గరికి. సూపర్‌వైజర్‌కు ముందే చెప్పి, రికార్డులో రాయండి. భుజాలు, మోకాళ్ళు కప్పే బట్టలు వేసుకోండి, ఎక్కడ కూర్చోవాలో అడిగి అక్కడే కూర్చోండి, ఫొటోలు తీయకండి. ఖాళీ చేతులతో వెళ్ళకుండా చక్కెర, టీపొడి, పిండి లాంటివి పట్టుకెళ్ళండి. డబ్బు ఇవ్వకండి, మీరు ఖర్చు పంచుకున్నవాళ్ళవుతారు. డర్బన్‌లో 1860 నుంచి స్థిరపడిన తెలుగు కుటుంబాలున్నాయి, 1931లో పెట్టుకున్న ఆంధ్ర మహాసభ ఉంది. జులూ ఇరుగుపొరుగుతో పుట్టి పెరిగిన పెద్దవాళ్ళు కనబడితే ఈ మర్యాదలు అడగండి, కేసు వివరాలు మాత్రం పెదవి దాటనివ్వకండి.

మాంసం విషయం ముందురోజే ఆ అన్నకు చెప్పేయండి: ‘మా ఇంటి ఆచారం ప్రకారం నేను మాంసం తినను, మీ భోజనంలో గంజీ కూరగాయలూ ఏవున్నా సంతోషంగా తింటాను.’ ఆచారం అన్న మాట వాళ్ళకు వెంటనే అర్థమవుతుంది. ఆ పూట పళ్ళెం ముందుకొచ్చాక ముఖం తిప్పుకుంటే మాత్రం నొచ్చుకుంటారు. మేకను కోసేటప్పుడు మీరు పశువుల దొడ్డి దగ్గర ఉండనక్కర్లేదు. అక్కడుండేది ఆ ఇంటి మగవాళ్ళే. ఆ సమయానికి తల్లి లోపల ఆడవాళ్ళతో కూర్చుని ఉంటుంది, మీరు ఆమె పక్కన ఉండండి.